స్లాబు మీది సీసా

యమున స్లాబు మీదికి ఎక్కేసరికి సీసా బోర్లించి ఉంది. బూడిద పెట్టి తోమినట్టు తళతళలాడుతోంది. పక్కనే నాయనమ్మ ఐలవ్వ పాత చీర పరిచి మిరపకాయలు ఆరబోస్తోంది.

"అవ్వా, గీ సీసల నీళ్లేమైనయి?"

"పారబోసిన. గియ్యాల శుక్రవారం గదా. మందమర్రిల ఆశా పిల్ల వారం వారం వచ్చి చెప్పేది, నిల్వున్న నీళ్లు ఉంచద్దని, దోమలు గుడ్లు పెడ్తయని. గన్ని నల్లటి నీళ్లు ఎవలు పెట్టిన్రే గీడ? మీ అమ్మ మంచాన పడ్డంక ఇల్లు చూసెటోల్లే లేరు."

 యమున సీసాను ఎత్తి లోపలికి చూసింది. ఆ నీళ్లలో ఇరవై ఏడు రోజుల దుమ్ము ఉంది.

సర్కారూ, గని కంపెనీ, లారీల సంఘం కలిసి ఈ ఏడు ఒక ఒప్పందం చేసుకున్నాయి. బొగ్గు లారీలు తిరిగే దారిలోని ఊళ్లలో, ఊరికి ఒక ఇంటి మీద వెడల్పాటి మూతి ఉన్న సీసా పెడతారు. పడిన దుమ్ము మళ్లీ ఎగిరిపోకుండా అడుగున కొంచెం నీళ్లు పోస్తారు. నెల తర్వాత తీసుకుపోయి తూస్తారు. దుమ్ము హద్దు దాటిన ఊరికి పక్కదారి వస్తుంది. స్థలం సర్కారుది, రోడ్డు వేసే పని కంపెనీది, బండ్లు అటు మళ్లించే పూచీ లారీల వాళ్లది.

యమున వాళ్ల గోడకు నాలుగు బారల దూరంలో లారీలు పోతాయి. తల్లి కనకవ్వ రెండేళ్లుగా దగ్గుతోంది. పోయిన నెల గోదావరిఖని దవాఖానలో డాక్టరు చీటీ రాస్తూ, "ఈమెను ఆ దుమ్ముల ఉంచితే నేనేం మందిచ్చినా లాభం లేదు" అన్నాడు. ఇంకెక్కడా వాళ్లకు ఇల్లు లేదు.

సీసా పెట్టిన రోజు, సర్కారు తరఫున వచ్చిన మొయినుద్దీన్ సార్, "పది చదువుతున్నవు గదా బిడ్డా, దీని ఫికర్ నీదే. ఇంట్ల అందరికి చెప్పు, ఎవ్వరు ముట్టద్దు" అన్నాడు. కొత్తవాళ్ల ముందు గొంతు పెగలని యమున తల ఊపింది. ఆయన పోయాక సుద్దముక్కతో పిట్టగోడ మీద 'ముట్టుకోవద్దు' అని పెద్దగా రాసింది. అప్పుడు ఐలవ్వ మందమర్రిలో కూతురింట్లో ఉంది. నిన్ననే వచ్చింది. నిన్న అన్నాల దగ్గర చెబుదామనుకుని, రాసి పెట్టాను కదా అని ఊరుకుంది యమున. ఐలవ్వకు చదువు రాదని అప్పుడు గుర్తే లేదు.

సీసాను తిప్పి పెట్టి మళ్లీ నీళ్లు పోసింది. ఆదివారం సాయంత్రానికి అడుగున పల్చటి మసి కనిపించింది. తెల్లారితే సార్ వస్తాడు. పిట్టగోడ మూలల్లో పేరుకున్న దుమ్మును నోటుబుక్కు అట్టతో గీకి సీసాలో వేసింది. ఇది కూడా మా ఇంటి మీద పడ్డదే కదా అని తనకు తాను చెప్పుకుంది.

సోమవారం సార్ సీసాను వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"బిడ్డా, మిరపగింజ గాలికి వస్తదా?"

నల్లటి నీళ్ల మీద రెండు పచ్చటి గింజలు తేలుతున్నాయి.

"నేనే ఏసిన సార్. ముందటిది... పోయింది."

"దాని తప్పు లేదు సారూ, నేను పారబోసిన" అంది ఐలవ్వ. "పారబొయ్యమన్నది సర్కారు మనిషే. ఉంచుమన్నదీ సర్కారేనాయె. నేనెవ్వరి మాట ఇనాలె?"

సార్ నవ్వబోయి ఆగిపోయాడు. "మూడు పక్కలోల్లు సంతకం పెట్టాలె అవ్వా. దీన్ని పంపితే లారీలోల్లు గీ గింజ చూపిచ్చి, అన్ని ఊర్ల సీసలు దొంగయే అంటరు. మీ ఊరికి మల్ల వచ్చే ఏడే."

"వచ్చే ఏడా" అంది కనకవ్వ లోపల మంచం మీది నుంచి. ఆ ఒక్క మాటకే దగ్గు తెర ముంచుకొచ్చింది.

ఐలవ్వ ఇల్లు తుడిచిన బకెట్టు తెచ్చి సార్ కాళ్ల ముందు పెట్టింది. నీళ్లు తారులా ఉన్నాయి.

"గిది ఒక్క పూట తుడుపు. దీన్ని తూకమెయ్యి సారూ."

సార్ కాగితంలో బకెట్టుకు గడి లేదు. 'నమూనా చెడిపోయింది' అని రాసి, సీసా సంచిలో పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా బండెక్కాడు.

ఆ రోజు నుంచి ఐలవ్వ తుడుపు గుడ్డ ముట్టలేదు. "గట్లనే ఉండనియ్యి. వచ్చే ఏడు వచ్చినోల్ల కండ్లకు కనవడాలె" అంది. మూడో రోజుకు కనకవ్వ నీళ్ల చెంబు మీద ఆమె వేళ్ల అచ్చులు పడ్డాయి. ఆమె లేస్తే పక్క మీద మనిషి ఆకారం తెల్లగా మిగిలింది. దగ్గు రాత్రీ పగలూ ఒకటైంది.

నాలుగో రోజు యమున బడి మానేసి గుడ్డ తడిపింది. తల్లి మంచం కోళ్ల దగ్గర మొదలుపెట్టి కిటికీ దాకా తుడిచింది. గడపలో కూర్చున్న ఐలవ్వ వద్దనలేదు, లేవనూ లేదు. గోడ అవతల ఒక లారీ పోయింది, దాని వెనకే ఇంకొకటి. యమున గుడ్డ పిండి, మళ్లీ మంచం కోళ్ల దగ్గరికి వచ్చింది.