డ్రయర్ గొట్టంలో పిచ్చుకలు

ఆగస్టు పదకొండో తేదీ వెంకటరత్నానికి బాగా గుర్తు. ఆ పొద్దున ఆయన సిరుగుప్ప బస్టాండు దగ్గర కట్టించుకొచ్చిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాడు. బాలింత కూతురు సుష్మకు తనే వేడి అన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి కలిపి పెట్టాడు. వెల్లుల్లి కాస్త మాడింది. సుష్మ ఒక్క మాట అనకుండా కంచం ఖాళీ చేసింది. అలాంటివి ఆయన మరిచిపోడు.

బయట వారంగా ముసురు పట్టింది. కాలువ నిండుగా పోతోంది. నాట్లు పడిన మడులు ఆకాశాన్ని మీదికి లాక్కుని పడుకున్నట్టున్నాయి. ఇంట్లో మాత్రం ప్రతి కుర్చీ మీదా, కిటికీ చువ్వల మీదా పసిదాని గుడ్డలే. ఒక్కటీ ఆరదు.

టిఫిను కాగానే బళ్ళారి కంటోన్మెంట్ నుంచి వియ్యపురాలు ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, తప్పుగా అనుకోకండి. వదినగారుంటే ఈ మాట అనేదాన్ని కాదు. ఆడదిక్కు లేని ఇల్లు, పచ్చి గుడ్డలు, పిల్లకి అప్పుడే తుమ్ములు. ఆదివారం కారు తీసుకొస్తాం. ఇద్దర్నీ పంపించండి."

మూడో నెల వెళ్ళేదాకా బిడ్డ పుట్టింట్లోనే ఉండాలనేది ఆయన భార్య తనూజ. ఆమె పోయి రెండేళ్ళయింది. ఆమె చేయాల్సిందంతా తను చేసి పంపాలని ఆయన ఆశ. తీరా గుడ్డల దగ్గర ఓడిపోయేట్టున్నాడు.

"నాకు వెళ్ళాలని లేదు నాన్నా. కానీ ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?" అంది సుష్మ, తడి గుడ్డనొకదాన్ని అటు నుంచి ఇటు తిప్పి వేస్తూ.

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, పెరటి గదిలోని డ్రయర్.

తారానగర్‌లో ఇనుప గనుల ఇంజనీరొకాయన బదిలీ మీద పోతూ అమ్మేస్తే తనూజ పట్టుబట్టి కొనిపించిన మిషను అది. ఆ ఊళ్ళో తీగ మీద వేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఇటుకరంగు తేలుతుందట. అందుకే వాళ్ళు బట్టలు ఇంట్లోనే ఆరబెట్టుకునేవారు. ఇక్కడికొచ్చిన కొత్తల్లో దాని పొట్టలోంచి ఆ ఎర్రదుమ్ము ఇంకా రాలుతూ ఆయన పంచెలకు అంటుకునేది. "గనిలో కూలికి పోయొచ్చారా ఏంటి?" అని తనూజ నవ్వేది. ఆమె పోయే ముందెప్పుడో బెల్టు తెగింది. మళ్ళీ దాని ముఖం ఎవరూ చూడలేదు.

మధ్యాహ్నానికి మెకానిక్ తిప్పేస్వామి వచ్చాడు, ఏదో ఒకటి పట్టకపోదని మూడు బెల్టులు మెడలో దండల్లా వేసుకుని.

"ఏంది రత్నప్పా, పాత సామానోళ్ళకి ఇచ్చేది పోయి దీన్ని బాగు చేయమంటాండావు?"

"నీ మోపెడ్ కంటే వయసులో చిన్నదేనయ్యా ఇది."

"నా బండి నడస్తాండాది గదా! ఇది కూచోనుండాది."

రెండో బెల్టు పట్టింది. డ్రమ్ము ఒకసారి మూలిగి, మెల్లగా తిరిగింది. గుండ్రటి అద్దం వెనక పసిదాని గుడ్డలు లేస్తూ, పడుతూ, మళ్ళీ లేస్తూ పోతుంటే వెంకటరత్నం స్టూలు మీద కూర్చుని అలా చూస్తుండిపోయాడు. ఆ చప్పుడు తనూజ ఉన్న మధ్యాహ్నాల చప్పుడు. అది వింటూ ఆయన కునుకు తీసేవాడు.

కాసేపటికే మిషను దానంతటదే ఆగిపోయింది. తలుపు తీస్తే గుడ్డలు ఇడ్లీల్లా ఆవిర్లు కక్కుతున్నాయి గానీ తడి తడిగానే ఉన్నాయి.

"గాలికి దావ లేదప్పా. యాడో మూసుకోనుండాది," అంటూ తిప్పేస్వామి వెనక మెత్తటి పైపును ఊడదీసి, అది కలిసే గోడ గొట్టంలోకి ఫోన్ లైటు వేశాడు. వేసి, "అయ్యో," అన్నాడు.

వెంకటరత్నం వంగి చూశాడు. మూడు నోళ్ళు, పసుపు అంచులతో, వెలుతురుకేసి తెరుచుకున్నాయి.

ఆ గూటి గడ్డి ఎక్కడిదో ఆయనకు తెలుసు. కోతలవగానే వరికంకులు కుచ్చుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు కట్టడం గోదావరి వైపు నుంచి తనూజ తెచ్చిన అలవాటు. ఇప్పుడు ఆయన వంకరటింకరగానైనా కడుతున్నాడు. గడ్డి మధ్యలో మెత్తగా పరిచిన నూగు కూడా తెలుసు. ఉతికినప్పుడల్లా పసుపు నూగు రాల్చే నేత చీర ఆ ఇంట్లో ఒకటే ఉండేది, తనూజది.

"ఈ గుబ్బచ్చి పిల్లల్ని తీసి గోడ మింద పెడతా. తల్లి వస్తాదిలే."

"రాకపోతే?"

"నేను మెకానిక్కునప్పా, గుబ్బచ్చుల డాక్టరును గాను!"

ఇంటివైపు గుమ్మంలో సుష్మ నిలబడి ఉంది, పసిదాన్ని భుజాన వేసుకుని. గొట్టంకేసి చూసింది, తండ్రికేసి చూసింది.

"వాటిని కదపొద్దు నాన్నా. నేను ఆదివారం వెళ్తాలే."

ఎంత తేలిగ్గా అందో, ఆయనకు అంత బరువుగా తగిలింది. పెరటి తలుపుకేసి చూశాడు. దాని అవతల వాన. మిషనుకూ ఆ గుమ్మానికీ మధ్య ఎంతో దూరం లేదు.

"తిప్పేస్వామీ, మిషన్ని పక్కకు తిప్పితే ఈ పైపు గుమ్మం దాకా రాదూ?"

"వస్తాది. కానీ తలుపు తెరిచే పెట్టల్ల. జల్లు లోపలికి కొడతాది."

"గొడుగు పట్టుకుని నేను కూర్చుంటా."

తిప్పేస్వామి పకపకా నవ్వాడు. "సరేలేప్పా. మిషనుకి వాచ్‌మన్!" నవ్వుతూనే భుజం ఆనించి మిషన్ను తిప్పాడు. గోడ గొట్టానికి లోపలివైపు అట్టముక్క అడ్డం పెట్టి, గాలాడటానికి దానికి చిన్న చిల్లులు కూడా పొడిచాడు.

ఆ వారమంతా వెంకటరత్నం గుమ్మంలో గొడుగు విప్పుకుని కూర్చున్నాడు. కాళ్ళ పక్కనుంచి వెచ్చటి ఊపిరి వానలోకి వెళ్ళి తెల్లగా తేలిపోయేది. ఉతికిన నూలు వాసన. ఒక్కోసారి కళ్ళు మూతపడి, వాన ఎర్రగా, పొడిగా కురుస్తున్నట్టు, పంచె దులుపుకుంటూ తను నిలబడితే ఎవరో వెనక నవ్వుతున్నట్టు ఉండేది. కళ్ళు తెరిస్తే తల్లి పిచ్చుక పురుగును పట్టుకుని గోడలోకి దూరుతూ కనిపించేది.

ఆదివారం కారు వచ్చింది. వియ్యపురాలు కూర్చోగానే ఆయన మడతలు పెట్టిన గుడ్డల దొంతర ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె ఒకటి తీసి చెంపకు ఆనించుకుంది.

"ఎండలో తీసినట్టున్నాయే!"

ఎలాగో చూపించాడు. ఆమె మిషన్నీ, గొడుగునీ, అట్టముక్కనీ చూసింది. అట్ట వెనక సన్నటి గోల వింటూ చాలాసేపు నిలబడింది.

"వీటికి రెక్కలెప్పుడొస్తాయి అన్నయ్యగారూ?"

"ఇంకొన్నాళ్ళు."

"సరే. మేమూ మూడో నెల వెళ్ళాకే వస్తాం." చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగింది. "వెల్లుల్లి మాత్రం మాడ్చకండి. సుష్మ చెప్పింది."

లోపల సుష్మ నాలుక కరుచుకుంది. చాలా రోజుల తర్వాత ఆయన పైకి నవ్వాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక చివరి వాయి గుడ్డలు తీసి, మిషను ఆపి, గొడుగు ముడిచాడు. అట్టముక్క దగ్గర చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు, అన్నీ పడుకున్నాయి. పెరటి తలుపు కిర్రుమంటుంది. తనూజ చేసినట్టే దాన్ని కొంచెం పైకెత్తి పట్టుకుని, మెల్లగా దగ్గరికి వేశాడు.