రాధ చెప్పిన సింగపూరు

సింగపూరు యూ టీ పేటలో ఆరో అంతస్తు ఫ్లాట్‌లో కాపురముండే రాధకి రోజుకో ఫోనైనా రాకుండా ఉండదు. "ఆంటీ, మా అత్తగారు వాళ్ళు వస్తున్నారు, మూడ్రోజుల్లో ఏమేం చూపించమంటారు?" అని ఒకరు. "అక్కా, పిల్లల్తో సెంటోసా దీవి అంటే ఎన్నింటికి బయల్దేరాలి?" అని ఇంకొకరు. రాధ స్టవ్ తగ్గించి, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, గుక్క తిప్పుకోకుండా చెప్పేది. నీళ్ళు కక్కే సింహం బొమ్మ దగ్గర ఎండ మాడ్చేస్తుంది, తొమ్మిదిలోపు వెళ్ళండి. గాజుమేడల్లో పూలతోటలకి వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళకి శాలువా పెట్టండి, లోపల చలి. తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో ముందు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు చోప్ చేసుకోండి, అది మీదని ఖాయమయ్యాకే లైన్లో నిలబడండి. పెరుగన్నం మాత్రం ఇంటి నుంచే పట్టికెళ్ళండి, నా మాట వినండి.

ఇన్ని తెలిసిన రాధ వీటిలో ఒక్కటంటే ఒక్కటీ చూడలేదు.

కావాలని ఆడిన అబద్ధం కాదు పాపం. ఇరవై రెండేళ్ళ క్రితం, కాపురానికి వచ్చిన కొత్తలో, ఆడపడుచు వాళ్ళు నలుగురూ ఊరు చూడ్డానికొచ్చారు. భర్త జగన్మోహనరావు జురాంగ్ ఐలాండ్ రిఫైనరీలో ప్లాంట్ ఆపరేటరు, షిఫ్ట్‌లో ఉన్నాడు. టాక్సీలో పట్టేది నలుగురే. ఆడపడుచు మొహమాటపడుతుంటే చూడలేక, "మీరు వెళ్ళి రండి వదినా, నేను చూసిందేగా" అనేసింది రాధ. సాయంత్రం వాళ్ళు తిరిగొచ్చి, చారన్నం తింటూ, చూసినవన్నీ కథలు కథలుగా చెప్పారు. రాధ వడ్డిస్తూ వింది. తర్వాత వచ్చినవాళ్ళకి ఆ కథలే చెప్పి పంపింది. వాళ్ళు ఇంకో నాలుగు కథలు మోసుకొచ్చారు.

అలా ఏళ్ళు గడిచాయి. కొడుకు ఆకాష్ స్కూలువాళ్ళతో అన్నీ చూసేశాడు. వాడికి తల్లిని తిప్పాలన్న ధ్యాస ఎందుకుంటుంది, తల్లే ఊరందరికీ దారులు చెబుతుంటే! జగన్మోహనరావు సంగతి సరేసరి. వచ్చిన చుట్టాలందరితోనూ భార్య తిరుగుతూనే ఉంటుందని అతని నమ్మకం. "మా ఆవిడకి తెలియని సందు లేదండీ" అని ప్లాంట్‌లో గొప్పలు పోయేవాడు. అంత గర్వంగా చెప్పుకునే మనిషితో 'నేనేమీ చూడలేదు' అని ఏ నోటితో చెబుతుంది? చెప్పలేదు.

ఒక వారం వచ్చిన ఫోనుతో మాత్రం రాధ గుండెల్లో రాయి పడింది.

"రాధక్కా, నేను నందితని. రేపల్లె అనంతరామయ్య మాస్టారి అమ్మాయిని. యూనివర్సిటీలో నాకు రెండ్రోజులు వర్క్‌షాప్ ఉంది, నాన్న కూడా వస్తున్నాడు. శుక్రవారం కాస్త తిప్పి చూపిస్తావా? గైడుని ఎవర్నైనా మాట్లాడతానంటే, 'రాధమ్మ ఉండగా ఇంకొకళ్ళెందుకు' అంటున్నాడు."

అనంతరామయ్య మాస్టారు హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. టెన్త్ అవగానే రాధ చదువు మాన్పిద్దామనుకున్న నాన్నని, మూడు సాయంత్రాలు వరసగా ఇంటికొచ్చి కూర్చుని, ఇంటర్‌లో చేర్పించేదాకా వదలని మనిషి. "క్లాసులో నీ కూతురు జవాబు చెప్పిందంటే నిజమయ్యుంటుందయ్యా, ఆ పిల్ల తెలియంది చెప్పదు" అన్నారు ఆ రోజు. రాధ తలుపు వెనక నుంచి వింది. ఊళ్ళో అందరి ముందూ దొరికిపోయినా ఏదోలా నవ్వేసి తప్పించుకోగలదు. ఆయన ముందు దొరికిపోతే మాత్రం తలెత్తుకోలేదు.

గురువారమంతా పరీక్షకి చదివినట్టు చదివింది. ఫోన్లో మ్యాపులు చూసింది, కాగితం మీద మలుపులు రాసుకుంది, పప్పు మాడ్చింది.

శుక్రవారం పొద్దున్నే తంజోంగ్ పగార్‌లో తను దిగిన హోటల్ బయట మాస్టారు సిద్ధంగా నిలబడున్నారు. ఇస్త్రీ చొక్కా, కొత్త కాన్వాస్ బూట్లు, చేతిలో గొడుగు. డెబ్భై అయిదేళ్ళు. రాధ ఒంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "రోడ్డు మీద ఇవన్నీ ఎందుకమ్మాయ్, పద, పద. నాలుగింటికే లేచి కూర్చున్నాను" అన్నారు చిన్నపిల్లాడిలా.

సింహం బొమ్మ దగ్గరికి ఒక్క స్టేషన్ దూరం. రైలు దిగి పైకొచ్చారు.

"బయటికి రాగానే ఎడమవైపు, మాస్టారూ" అంది రాధ.

ఎడమవైపు రోడ్డు పని జరుగుతోంది. నిలువెత్తున రేకులు కట్టేశారు. రాధ కాగితం రహస్యంగా చూసుకుంది. కుడివైపు నడిపించింది. రెండు బ్యాంకుల మధ్య నుంచి తిరిగి, మూడో బ్యాంకు ముందుకొచ్చి, మళ్ళీ మొదటికే వచ్చారు. "ఒక్క నిమిషం మాస్టారూ, బయటికి రాగానే ఎడమవైపు..." మళ్ళీ అదే మాటంటూ ఇంకోసారి తిరిగారు. ఎండ ముదిరింది. మాస్టారి చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఆయన గొడుగు విప్పి, దాన్ని రాధ తల మీదికే పట్టి వెనకాలే నడిచారు. అది చూసి రాధకి చచ్చేంత సిగ్గేసింది.

మూడోసారి రేకుల ముందుకి వచ్చాక ఆయన ఆగి, పక్కనున్న అరుగు మీద కూర్చున్నారు.

"రాధమ్మా, ఇలా కూర్చో. నీకిది మొదటిసారి కదూ?"

రాధ కాగితాన్ని గుప్పిట్లో దాచేసింది.

"ముప్పై నాలుగేళ్ళు పిల్లల చేత పాఠాలు అప్పచెప్పించుకున్నానమ్మా. చూసి చెప్పే పిల్లకి దారి మూసేస్తే ఇంకో దారి తడుతుంది. బట్టీ పట్టిన పిల్ల మళ్ళీ మొదట్నించీ మొదలెడుతుంది. నువ్వు ఇందాకట్నించి మూడుసార్లు 'ఎడమవైపు' అన్నావు."

ఇంకేముంది, కన్నీళ్ళు కొలుకుల్లోంచి ఉబికొచ్చాయి. ఆఫీసులకి పరుగెత్తే జనం మధ్య కూర్చుని రాధ అన్నీ చెప్పేసింది. ఆడపడుచు, టాక్సీ, నాలుగు సీట్లు, ఇరవై రెండేళ్ళ ఫోన్లు. "మీరు నన్ను తెలియంది చెప్పదన్నారు మాస్టారూ. నేను తెలియందే చెప్పుకుంటా బతికాను."

మాస్టారు నవ్వడం మొదలుపెట్టారు. గొడుగు ఊగిపోయేలా నవ్వారు.

"ఓసి పిచ్చి పిల్లా! నేను నైలు నది చెప్పలేదూ? ఆల్ప్స్ పర్వతాలు చెప్పలేదూ? మంచు ఎలా కురుస్తుందో బోర్డు మీద బొమ్మేసి మరీ చెప్పాను. నేను ఎక్కిన మొదటి విమానం మొన్నటిదేనమ్మాయ్! గుంటూరు జిల్లా దాటింది కూడా తక్కువే." నవ్వు ఆపి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "విన్నది శ్రద్ధగా విని, నలుగురికీ పనికొచ్చేట్టు చెప్పావు. అది తప్పెలా అవుతుంది? నువ్వు చూడకపోవడం ఒక్కటే అన్యాయం."

ఆ ఒక్క మాటకి రాధకి మళ్ళీ ఏడుపొచ్చింది. తనకి జరిగినదాన్ని అన్యాయమని ఇన్నేళ్ళలో ఎవరూ అనలేదు. తనూ అనుకోలేదు.

"సరే, మీకేం చూడాలనుంది మాస్టారూ?"

"ఓడలు. మలక్కా జలసంధి పాఠంలో చెప్పేవాణ్ణి, ప్రపంచంలో ఓడలన్నీ ఈ మూల తిరిగే వెళ్ళాలని. నిజంగా వెళ్తున్నాయో లేదో చూడాలి."

ఓడలు చూడాలని రాధని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. టాక్సీ ఆపి, నడిపే చైనా పెద్దాయన్నే అడిగింది.

"షిప్స్ ఆ? వెస్ట్ కోస్ట్ పార్క్ లా! జురాంగ్ ఐలాండ్ ఆల్సో కెన్ సీ" అన్నాడాయన హుషారుగా, సింగపూరు ఇంగ్లీషులో.

పార్కులో చెట్లు దాటి ఒడ్డుకి వచ్చేసరికి గాలి ఎదురొచ్చింది. ఒక పక్కన రేవు క్రేన్లు బారులు తీరి ఉన్నాయి. నీళ్ళ మీద ఓడలు. పెట్టెలు పేర్చుకున్నవి, నూనె మోసేవి, పక్కన చిన్న పడవలు. మాస్టారు రాళ్ళ దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని, క్లాసులో కిటికీ దగ్గర నిలబడ్డట్టే నిలబడ్డారు. ఒక్కో ఓడనీ లెక్కపెట్టుకుంటూ పోయారు. "నిజమేనమ్మాయ్" అన్నారు చివరికి. "పిల్లలకి అబద్ధం చెప్పలేదు."

రాధ మాత్రం ఓడల్ని చూడటం లేదు. నీటికి అవతల, మసగ్గా, పొడవాటి గొట్టాలూ గుండ్రటి ట్యాంకులూ కనిపిస్తున్నాయి. ఒక గొట్టం కొసన చిన్న మంట. పాసు లేనిదే ఇంటివాళ్ళని కూడా అడుగుపెట్టనివ్వని దీవి అది. ఇరవై రెండేళ్ళుగా భర్తకి అన్నం డబ్బా కట్టి పంపుతోంది గానీ, ఆ డబ్బా ఎక్కడ విప్పుతాడో ఏనాడూ చూడలేదు.

భోజనాల వేళ చూసుకుని ఫోన్ చేసింది.

"ఏమండీ, నేను వెస్ట్ కోస్ట్ పార్క్‌లో ఉన్నాను. మీ దీవి కనిపిస్తోంది. మంట కూడా."

"ఇప్పుడా కనిపించింది? నువ్వు చూడనిదేముంది?" అన్నాడు జగన్మోహనరావు, ముద్ద నోట్లో ఉండగానే.

"ఏదీ చూడలేదండీ."

"ఏదీ అంటే?"

"ఏదీ అంటే ఏదీ. వాళ్ళందర్నీ పంపించి నేను ఇంట్లో ఉండేదాన్ని. వాళ్ళు చెప్పినవే మీకూ చెప్పేదాన్ని."

అవతల క్యాంటీన్‌లో పళ్ళేల చప్పుడు మాత్రం వినిపిస్తోంది. కోప్పడతాడేమోనని రాధ భయపడింది. నవ్వుతాడేమోనని ఇంకా భయపడింది.

"నేనొక్కసారైనా అడగలేదు కదూ, ఎవరితో వెళ్ళావని" అన్నాడు గొంతు తగ్గించి. "మూడున్నరకి డ్యూటీ దిగుతాను. నేనొచ్చేదాకా అక్కణ్ణుంచి కదలకు."

"మాస్టారు అలిసిపోతారండీ..."

"నేనెక్కడికీ రాను!" అని కేకేశారు మాస్టారు రాళ్ళ మీద నుంచి. "ఇంకా పదకొండు ఓడలే లెక్కయ్యాయి!"

చెట్టు నీడన కూర్చుని ఇద్దరూ రాధ ఇంటి నుంచి తెచ్చిన పెరుగన్నం తిన్నారు. మాస్టారు అలాగే గడ్డి మీద ఒరిగి నిద్రపోయారు. రాధ మేలుకుని అవతలి ఒడ్డు చూస్తూ కూర్చుంది.

నాలుగున్నరకి జగన్మోహనరావు వచ్చాడు. పని చొక్కా మార్చలేదు, బరువు బూట్లతోనే గడ్డి మీద పరుగులాంటి నడక నడిచొచ్చాడు. నిద్ర లేచిన మాస్టారికి దణ్ణం పెట్టి, రాధ పక్కన కూలబడ్డాడు. ఆమె ముఖంలోకి చూడలేక నీళ్ళకేసి చూశాడు.

"అక్కణ్ణుంచి ఈ ఒడ్డు రోజూ కనిపిస్తుంది రాధా. ఆదివారాలు గాలిపటాలు కూడా. నువ్వు ఎవరితోనో ఇక్కడ తిరుగుతూ ఉంటావనుకునేవాణ్ణి. అలా అనుకుంటే నాకు బాగుండేది."

రాధ అతని చెయ్యి పట్టుకుంది. పెద్దవాళ్ళ ముందు ఎప్పుడూ చేయని పని. మాస్టారు మర్యాదగా ఓడల వైపు తిరిగారు.

కాసేపయ్యాక జగన్మోహనరావు లేచి, ప్యాంటు దులుపుకుని, భార్యకి చెయ్యందించి లేపాడు. "నాలుగు రోజులు సెలవు పెట్టేశాను. ముందెక్కడికి వెళ్దాం? ఏది బాగుంటుంది?" అన్నాడు అలవాటుకొద్దీ.

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నింటికి వెళ్ళాలో, ఏ బస్సు ఎక్కాలో, అన్నీ వరసగా వచ్చాయి. రాధ వాటిని మింగేసింది.

"నాకు తెలియదండీ" అంది. "వెళ్ళి చూద్దాం."