డిక్కీలో కేకు

తాళం చెవి నా చేతికి రాలేదు. కోపం అక్కడే మొదలైంది.

కారు చూస్తానని షోరూముకు ఫోను చేసింది నేను. లైసెన్సు జిరాక్సు ఇచ్చింది నేను. దాని మీద ఫొటో కూడా నాదే. అయినా టై కట్టుకున్న ఆ సేల్స్ మనిషి కౌంటరు సొరుగులోంచి తాళం తీసి, నన్ను దాటుకుంటూ వెళ్ళి మా ఆయన చేతిలో పెట్టాడు. మా ఆయనకు సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు. వేడి గిన్నె పట్టుకున్నట్టు దాన్ని ఓ క్షణం పట్టుకుని వెంటనే వాళ్ళ అన్నయ్యకు అందించారు. మా బావగారు దాన్ని వేలికి తగిలించుకుని గిరగిరా తిప్పారు. నేను రెండు చేతులా కేకు డబ్బా మోస్తూ గుడ్లప్పగించి చూస్తున్నాను.

కేకు ఎందుకంటారా, నా పని అదే. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ ఇంట్లోనే అంతస్తుల కేకులు చేస్తాను. చెయ్యడం ఒక ఎత్తు, చేర్చడం ఒక ఎత్తు. ఇన్నేళ్ళూ టాక్సీల్లోనే చేరుస్తున్నాం. వెనక సీట్లో కేకు ఉంది నాయనా అని ఎంత మొత్తుకున్నా టాక్సీవాడి తొందర టాక్సీవాడిదే. అందుకని ఏ ఆర్డరుకైనా రెండు కేకులు చేస్తాను, ఒకటి పెళ్ళివాళ్ళకి, ఒకటి దారికి. దారి మొదటిదాన్ని మింగేస్తే రెండోది పంపుతాను. ఇలా ఒక పనికి రెండింతలు చాకిరీ చేసి నా మణికట్లు రాత్రిళ్ళు సలుపుతున్నాయి. డిక్కీలో పెట్టిన కేకును పెట్టినట్టే దింపే చిన్న కారు ఒకటి వస్తే ఈ రెండో కేకు పీడ వదులుతుంది. నాకు కావలసింది అంతే. ఇవాళ ఆర్డరేమీ లేదు, కారును పరీక్షించడానికే అయినా అలవాటుగా రెండు చేసి తెచ్చాను. ఒకటి చేతిలో ఉంది, రెండోది రిసెప్షన్ బల్ల మీద పెట్టాను.

ఇక బావగారి సంగతి. మా అత్తవారి వైపు ఒక పద్ధతి ఉంది. పెద్ద వస్తువు ఏది కొన్నా ముందు బావగారు దాన్ని పరీక్షించి సరేననాలి. ఫ్రిజ్ కొన్నప్పుడు తలుపు ధనాధనా వేసి చూశారు. మంచం కొన్నప్పుడు దుకాణంలోనే ఎక్కి గెంతారు. నేను పెద్ద ఓవెన్ కావాలంటే, "ఇంట్లో ఉండేది ఇద్దరు, హోటలేమైనా పెడతారా" అని చిన్నది ఖాయం చేసి వెళ్ళిపోయారు. ఆ చిన్న ఓవెన్‌తో నేను ఇప్పటికీ ఏడుస్తున్నాను. ఆయన వద్దన్నది మా గుమ్మం తొక్కదు, ఎందుకంటే అన్నయ్య కాదన్నాక మా ఆయనకు నోరు పెగలదు. ఈ కారు గతీ అంతేనని నాకు భయం.

"బావగారిని ఎవరు పిలిచారండీ?" అని మా ఆయన్ని పక్కకు లాగి అడిగాను.

"వాడే వస్తానన్నాడు," అన్నారాయన పైకప్పు వైపు చూస్తూ.

కారు చిన్నదే అయినా ముచ్చటగా ఉంది. నేను డిక్కీ తెరిపించి, జారకుండా రబ్బరు పట్టా పరిచి, దాని మీద కేకు డబ్బా పెట్టబోయాను. మా ఆయన చేతులు చాపారు.

"ఇలా ఇవ్వు. నేను ఒళ్ళో పెట్టుకుంటాను."

"ఒళ్ళో పెట్టుకునేదానికి కారెందుకండీ? ఇక మీ ఒడితో పనిలేదు, ఇది డిక్కీలోనే కూర్చోవాలి."

ఆయన చేతులు చాపినవి చాపినట్టే ఉన్నాయి. నేను పట్టించుకోలేదు.

బావగారు డ్రైవరు సీట్లో కూర్చున్నారు, సేల్స్ మనిషి ఆయన పక్కన. నేనూ మా ఆయనా వెనక.

"బావగారూ, డిక్కీలో కేకుంది. కాస్త నెమ్మదిగా," అన్నాను.

"నెమ్మదిగా పోతే బండి గుణం ఎలా తెలుస్తుందమ్మా? నువ్వు చూస్తూ కూర్చో."

చూస్తూ కూర్చున్నాను. ఆయన గేరు మార్చినప్పుడల్లా ఇంజను మూలిగింది. మలుపులో సేల్స్ మనిషి తలుపు పిడి పట్టుకున్నాడు. మందుల దుకాణం దాటాక రోడ్డు ఖాళీగా కనబడింది. బావగారు వేగం పెంచారు, ఇంకా పెంచారు, ఎదురుగా పిల్లి కూడా లేకపోయినా బ్రేకు మీద నిలబడ్డారు. నా నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. వెనకాల డిక్కీలో ఏదో బరువుగా జారి గోడకు తగిలిన చప్పుడు.

"బ్రేకు పర్వాలేదు," అన్నారు బావగారు.

షోరూముకు వచ్చాక డిక్కీ తెరిచాను. పై అంతస్తు జారి డబ్బా చీల్చుకుని బయటికి వచ్చేసింది. క్రీము పట్టాకూ డిక్కీ గోడకూ అంటుకుంది. పంచదారతో నేను చేసిన పువ్వులు, ఒక్కో రేకూ విడివిడిగా ఆరబెట్టి అతికినవి, పిండైపోయాయి. అరికాలి మంట నెత్తికెక్కింది.

బావగారు వంగి చూసి చప్పరించారు. "చూశావా? కేకు ముక్కనే మొయ్యలేని బండి మనుషుల్నేం మోస్తుంది? వద్దు తమ్ముడూ. ఇంకోటి చూద్దాం, నాకు తెలిసినవాడున్నాడు."

మా ఆయన బుద్ధిగా తల ఊపారు.

"మీరు కావాలని బ్రేకు వేశారు," అన్నాను.

"బ్రేకు చూడకుండా బండెవరు కొంటారమ్మా?"

"బ్రేకు చూడండి. నా పని మీద కాదు."

ఆయన నవ్వారు. కోపం వచ్చిన చంటిపిల్లను చూసి నవ్వినట్టు నవ్వారు. ఆయన మీద కోపం నాకు పాతదే, పాత చెప్పులా అలవాటైపోయింది. నన్ను దహించింది మా ఆయన తల. బెల్లం కొట్టిన రాయిలా నిలబడినా బాధపడేదాన్ని కాదు, ఊపకుండా ఉంటే చాలు. ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా చీర కొంగుతో డిక్కీలో క్రీము తుడిచాను. మళ్ళీ పట్టా పరిచాను. లోపలికి వెళ్ళి బల్ల మీది రెండో కేకు తెచ్చి దాని మీద పెట్టాను. అప్పుడు చెయ్యి చాపాను.

"బావగారూ, తాళం."

"ఇంకా ఎందుకు? చూడటం అయిపోయింది కదా."

"మీరు చూడటం అయిపోయింది."

సేల్స్ మనిషి మధ్యలో దూరాడు. "మేడం, టెస్ట్ డ్రైవ్ ఒక కుటుంబానికి ఒకసారే ఇస్తామండి."

"ఇందాక నడిపింది కుటుంబం కాదు, మా బావగారు. మీకు ఫోను చేసినదాన్ని నేను. నా లైసెన్సు మీ సొరుగులో ఉంది, తీసి చూసుకోండి. కుదరదంటే ఆ ముక్క ఇప్పుడే చెప్పండి, రోడ్డుకు అటువైపు ఇంకో షోరూముంది."

అతను మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నేల వైపు చూశారు. చివరికి అతనే బావగారి వేలినుంచి తాళం తీసి నాకిచ్చాడు.

ఈసారి వెనక సీట్లో వాళ్ళిద్దరూ, నా పక్కన మా ఆయన. స్టీరింగు పట్టుకున్నా నా కోపం తగ్గలేదు. కావాలనే మంచి రోడ్డు వదిలేశాను. మార్కెట్ వెనక గతుకుల దారిన పోనిచ్చాను, స్పీడు బ్రేకరు మీదికి ముసలమ్మ మెట్టెక్కినట్టు ఎక్కించి దింపాను. ఆసుపత్రి పక్క ఎత్తు ఎక్కి, పైన ఆపి, మళ్ళీ కదిలించాను. బండి వెనక్కి జారలేదు. వెనకనుంచి బావగారి కాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. "చూసుకో, చూసుకో" అంటూనే ఉన్నారు. నేను చూసుకుంటూనే ఉన్నాను.

తిరిగొచ్చి డిక్కీ తెరిచి డబ్బా మూత ఎత్తాను. అంతస్తులు నిలబెట్టినట్టే ఉన్నాయి. ఒక్క పువ్వు రాలలేదు.

బావగారు తొంగి చూశారు. "నేను ఇందాక బ్రేకులు లాగి పెట్టాను కాబట్టి సరిపోయింది," అని కాఫీ మిషను దగ్గరికి వెళ్ళిపోయారు. సేల్స్ మనిషి ఆయన వెనకే వెళ్ళాడు.

డిక్కీ దగ్గర మేమిద్దరమే మిగిలాం. మా ఆయన కేకు వైపే చూస్తున్నారు. ఆ ముఖంలో సంతోషం లేదు.

"అన్నయ్యను నేనే రమ్మన్నాను," అన్నారు.

నేను డబ్బా మూత పట్టుకుని ఆయన వైపు తిరిగాను.

"వాడు అన్నిటినీ వద్దంటాడు కదా. దీన్నీ వద్దంటాడని."

"ఎందుకు?"

ఆయన డబ్బా అంచు సరిచేశారు. "ఇన్నేళ్ళూ కేకు నా ఒళ్ళోనే వెళ్ళింది. గతుకొస్తే మోకాళ్ళెత్తి పట్టుకునేవాణ్ణి. బండొస్తే కేకు డిక్కీలో కూర్చుంటుంది, నువ్వు నడుపుతావు. నేనెక్కడ కూర్చోవాలి?"

గుండె కరగాల్సిన మాటే. ఎండాకాలం టాక్సీల్లో చెమటలు కారుతూ, డబ్బా మీదనుంచి చెయ్యి తియ్యకుండా కూర్చున్న మనిషిని నేను మరిచిపోలేదు. కానీ నా గుండె కరగలేదు, మండింది. ఈ ఒక్క మాట నాకు చెప్పడానికి నోరు రాలేదు, నా కారు రాకుండా చెయ్యమని అన్నయ్యను పిలవడానికి మాత్రం వచ్చింది. ఓవెన్ నాడు కూడా ఇలాగే పిలిచారా అని అడగబోయాను. జవాబుకు భయపడి అడగలేదు.

బావగారు కాఫీ కప్పుతో వచ్చారు. "ఏం తేల్చారు తమ్ముడూ?"

మా ఆయన నోరు తెరిచే లోపల నేనే చెప్పాను. "కొంటున్నాను బావగారూ. నా పేరు మీద."

మూత పెట్టి, రెండో కేకు ఎత్తి మా ఆయన చేతుల్లో పెట్టాను. ఆయన అలవాటు చొప్పున పొదివి పట్టుకున్నారు.

"ఇది సేల్స్ వాళ్ళకి ఇచ్చెయ్యండి," అన్నాను. "రేపు పొద్దున డ్రైవింగ్ స్కూల్లో చేరండి. అక్కడికి మాత్రం మీ అన్నయ్యను పిలవకండి."