మేకుకు తాళంచెవి

షిఫ్టులమ్మ రబ్బరుతో చెరిపి, ఉఫ్ అని ఊది, అదే గడిలో మళ్లీ అదే పేరు రాసింది. బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఎవరు ఏ పూట రావాలో వేసేది ఆమే. ఒకరిని కదిపితే నలుగురు కదులుతారు.

భర్త కూడా అక్కడే, ఓవెన్ల దగ్గర. ఆమెది పొద్దుటి షిఫ్టు, అతనిది మధ్యాహ్నం షిఫ్టు. రాత్రి అతను ఇల్లు చేరేసరికి ఆమె నిద్రలో ఉంటుంది. ఇంటి తాళంచెవి ఒక్కటే. వస్తూ అతను గేటు పక్కన కాపలా తాత గదిలో మేకుకు తగిలిస్తాడు. వెళ్తూ ఆమె తీసుకుంటుంది. అప్పుడు గేటు దగ్గర ఎదురుపడి అనుకునే నాలుగు మాటలే వాళ్ల కాపురం. షిఫ్టు మార్చి చూడొచ్చు. కానీ "సొంత మొగుడికి మంచి షిఫ్టు వేసుకుంది" అంటారని ఆమె పెన్సిలు ఎప్పుడూ అతని గడి దాకా పోలేదు.

ఇవాళ లెక్కల విభాగం అమ్మాయి ల్యాప్‌టాప్‌తో వచ్చి పక్కన కూర్చుంది.

"అక్కా, ఇకనుంచి షిఫ్టులు ఇదే వేస్తుంది. తేలిక లెక్కలు మన కంప్యూటరే చేస్తుంది. చిక్కుముడి మటుకు ఎక్కడో దూరంగా ఉన్న క్వాంటం యంత్రానికి పంపుతుంది. అదిచ్చిన జవాబుల్ని మళ్లీ మనది సరిచూస్తుంది. రెండూ కలిసి చేసే పని."

"అదృష్టవంతులు," అంది షిఫ్టులమ్మ.

అమ్మాయి పకపకా నవ్వింది. "ఎవరికి ఏ పూట కావాలో అందరి కోరికలూ చెప్పావు. మరి నీది?"

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఆయనదీ నాదీ... ఒకే పూట. ఎవరికీ ఇబ్బంది లేకపోతేనే సుమా!"

బటన్ నొక్కారు. తెర మీద ఖాళీ గడులు. ఆమె గుండె పిండి కలిపే మిషన్లా దడదడలాడింది. ఒక్కసారిగా పేర్లు బిలబిలా నిండిపోయాయి. రెండు పేర్లూ పొద్దుటి వరసలోనే! రేపటి నుంచే! ఎవరికైనా అన్యాయం జరిగిందేమోనని ప్రతి గడీ వేలుపెట్టి చూసింది. లేదు. ఆరుగురిని ఒకేసారి కదిపితేనే కుదిరే మార్పు అది. తను ఎవరి షిఫ్టు మార్చాలన్నా ఒక్కొక్కరినే కదిపి చూసేది.

రేపు పొద్దున్నే రావాలి కాబట్టి ఈ మధ్యాహ్నం అతనికి సెలవు.

షిఫ్టు మారే వేళకు అతను తాళంచెవి మేకుకు తగిలిస్తుండగా ఆమె పరుగున వచ్చింది.

"ఏమండీ, లోపలికెళ్ళకండి! మీకు పని లేదు!"

అతని మొహం పాలిపోయింది. "తీసేశారా?"

"తీసెయ్యడం కాదండీ బాబూ, నా షిఫ్టులో వేశారు! రేపు కలిసే వస్తాం!"

అతను గబుక్కున ఆమె వైపు తిరిగాడు. "అయితే నీ వంట ఇక వేడివేడిగా తినాలన్నమాట. తప్పదా?"

"చల్లారాక తినేవాళ్లకేం తెలుస్తుందండీ దాని రుచి!"

"గేటుకు అడ్డం తప్పుకుని పోట్లాడుకోండిరా," అని కాపలా తాత కసిరాడు, నవ్వాపుకుంటూ.

ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ, వీధి మలుపు తిరిగి వెళ్ళిపోయారు.

తాత గదిలో, మేకుకు, తాళంచెవి ఇంకా మెల్లగా ఊగుతోంది.