శ్రద్ధకు రోములో చుట్టం

రాజేష్ తాడేపల్లిగూడెంలో ఇంగ్లీషు లెక్చరరు. నమ్మనిదాన్ని నమ్మినట్టు నటించలేని మనిషి, దానిమీద కాస్త గర్వం కూడా ఉంది. ఆ గర్వంతోనే ఆదివారం కొల్లేటి ఒడ్డున ఉన్న సొంతూరికి వెళ్లి, చేపల చెరువుకి మేత చల్లి వచ్చి భోజనానికి కూర్చున్న తండ్రి గంగరాజుతో, "గురువారం అమ్మ సంవత్సరీకం నేను పెట్టనండి. నమ్మకం లేకుండా పిండం పెడితే అమ్మని మోసం చేసినట్టే" అనేశాడు. ఉన్నది ఒక్కడే కొడుకు. గంగరాజు సగం అన్నంలో చెయ్యి కడిగేసుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

సోమవారం క్లాసులో చెప్పాల్సినవి, చూడండి ఖర్మ, నమ్మకం చుట్టూ తిరిగే మాటలే! క్రెడిట్, క్రెడిబుల్, ఇన్‌క్రెడిబుల్. వీటి వేరు లాటిన్‌లో ఉందని రాజేష్‌కి తెలుసు, అంతకుమించి తెలీదు. స్టాఫ్ రూములో పక్క కుర్చీ బెంజమిన్‌ని అడిగాడు. ఆయన ఫాదర్ అవుదామని సెమినరీలో చేరి, లాటిన్ నేర్చుకుని, చివరికి కెమిస్ట్రీ లెక్చరరుగా తేలాడు.

"క్రెడో అండి. నమ్ముతున్నాను అని. విప్పి చూస్తే అందులో రెండు ముక్కలున్నాయండి, గుండె, పెట్టడం. గుండె పెట్టడమే నమ్మడం అన్నమాట. ఇంకో చిత్రం చెప్పనా? సంస్కృతంలో శ్రద్ధ ఉంది చూశారూ, అందులోనూ అవే రెండు ముక్కలు. రెండూ ఒక తల్లి బిడ్డలేనంటారండి పండితులు."

రాజేష్ తాగుతున్న టీ మర్చిపోయాడు. శ్రద్ధ! రోజూ పిల్లల మీద తను అరిచే మాట. శ్రద్ధతో పెట్టేది కనకే శ్రాద్ధం. రోమెక్కడ, కొల్లేరెక్కడ! రెండు చోట్లా రాతలు పుట్టకముందే ఎవరో గుండెనీ పెట్టడాన్నీ జోడించారు. ఆ జోడు వేల ఏళ్లు నోటి నుంచి నోటికి నడిచి ఈ టీ బల్ల దగ్గరికొచ్చింది. నిజమని ఒప్పుకోవడమే నమ్మకమనుకున్నాడు ఇన్నాళ్లూ. గుండె పెట్టడమా? అమ్మ కోసం ఆపాటి చెయ్యలేడా?

సాయంత్రమే బస్సెక్కాడు. గంగరాజు వాకిట్లో వల బాగు చేసుకుంటున్నాడు.

"సంవత్సరీకం పెడతానండి నాన్నా. నమ్మకం మాత్రం ఇంకా కుదర్లేదు."

గంగరాజు వల పక్కన పెట్టాడు. "మీ అమ్మకి మాత్రం కుదిరిందేంట్రా? పోయినోళ్లొచ్చి తింటారా అని నవ్వేది. అలాగని మీ నాయనమ్మ తద్దినానికి గారెల పప్పు రుబ్బుతుంటే పలకరించనిచ్చేది కాదు. 'ఏవండీ, కాసేపు నన్ను మాట్లాడించకండి, మనసు పెట్టి రుబ్బుకోవాలి' అనేది."

మనసు పెట్టి. బెంజమిన్ విప్పి చూపించిన ఆ రెండు ముక్కలే, అమ్మ నోట, తెలుగులో.

"గారెల పప్పు నేను రుబ్బుతానండి నాన్నా" అన్నాడు.