బుగ్గ మీద తెల్లమచ్చ

మంగు పోవాలని సీరం రాసుకున్నాను గానీ, ఉన్న రంగు కూడా పోతుందని ఎవరనుకున్నారు?

బొర్రా గుహల దారిలో నాకో చిన్న కాఫీ బడ్డీ ఉంది. ఎండకూ పొయ్యి సెగకూ నా రెండు బుగ్గల మీదా మంగు పట్టింది. వచ్చిన టూరిస్టులు కాఫీ తాగి ఊరుకుంటారా, పక్కన నిలబెట్టి ఫొటోలు తీస్తారు. వాటిలో వాళ్ల ముఖాలన్నీ నిగనిగలాడుతుంటే నాది మాత్రం మాడిన అట్టులా ఉండేది. ఈ విషయాల్లో మా దారి మొత్తానికీ పక్క షాపు డాలీయే డాక్టరమ్మ. ఆమె చెప్పిందని విటమిన్ సి సీరం తెప్పించాను. మంగు ఇసుమంత కదల్లేదు. తర్వాత ఇంకోటి తెప్పించాను, అదీ అంతే. చివరికి సంతలో ఫ్యాన్సీ సామాను అమ్మేవాడి దగ్గర పేరూ ఊరూ లేని సీసా ఒకటి కొన్నాను. "వారంలో తేడా తెలుస్తాది" అన్నాడు వాడు. తెలిసింది. రాసుకోగానే భగ్గున మంట. మంట పుట్టిందంటే పనిచేస్తున్నట్టే అంది డాలీ. చుక్కలు వేసుకోవలసిన దాన్ని అరచేతిలో ఒంపుకుని మరీ పట్టించాను. చర్మం పొరలుగా లేచిపోయి, కుడి బుగ్గ మీద రూపాయి బిళ్లంత తెల్లమచ్చ తేలింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని నవ్వుకోవలసిన సంగతే. నాకు నవ్వు రాలేదు. నేను ఆశా కార్యకర్త కూతుర్ని మరి.

అమ్మ కుష్టు సర్వేకి గూడేలు తిరుగుతుంటే సెలవుల్లో నేనూ వెంట వెళ్లేదాన్ని. ఒంటి మీద పాలిపోయిన మచ్చ కనిపిస్తే అమ్మ ఆ మనిషిని కళ్లు మూసుకోమంటుంది. దూదిపోగుతో తాకుతుంది. తాకినచోట వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే ఆ మచ్చకు స్పర్శ లేదన్నమాట. మందులున్నాయి, పూర్తిగా నయమైపోతుంది అని గొంతు పోయేలా చెబుతుంది. అందరూ తలలూపుతారు. మా మీది గూడెంలో ఎప్పుడో నయమైపోయిన ముసలాయనకు మాత్రం ఇప్పటికీ గుడిసె వేరు, నీళ్ల బిందె వేరు. అమ్మ ఆయన ఇంట్లో అంబలి తాగొచ్చిందని తెలిసి మా పెద్దమ్మ కొన్నాళ్లు మా ఇంట్లో మంచినీళ్లు ముట్టలేదు. అలాంటి కొండ మీద నా చేతి కాఫీ ఇంకెవరు తాగుతారు?

డిసెంబరు చలి. మచ్చ తేలిన మర్నాడు తెల్లవారగానే అమ్మ చూడకుండా దూది పట్టుకుని కుళాయి దగ్గరకి వెళ్లాను. మంచులో పక్కిల్లు కూడా కనిపించడం లేదు. సీరం జిడ్డు పోయేదాకా ముఖం కడుక్కుని, కళ్లు మూసుకుని, దూదిని మచ్చకు ఆనించాను. ఏమీ తెలియలేదు. ఇంకోసారి ఆనించాను. తెలియలేదు. అక్కడే బండ మీద కూలబడ్డాను.

ఇక ఆ రోజు నుంచి ముఖానికి స్కార్ఫ్ చుట్టుకోకుండా గుమ్మం దాటలేదు. ఎవరైనా తేరిపార చూస్తే కనిపెట్టేశారని పొయ్యి వైపు తిరిగిపోయేదాన్ని. నా కంచం విడిగా కడిగి అటక మీద దాచుకునేదాన్ని. నన్ను వెలి వేయడానికి ఊరివాళ్లెవరూ రాకముందే ఆ పని నేనే మొదలుపెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం వాకిట్లో ఎండబోసిన కాఫీ పళ్లు తిరగేస్తుంటే అమ్మ వచ్చి నా స్కార్ఫ్ లాగేసింది.

"ఏటే స్వర్ణా ఇది? కంచం దాసుకోడం, మొకం కప్పుకోడం... ఏటి సేత్తన్నావు నువ్వు?"

నాకు ఏడుపు ఆగలేదు. "పెద్దరోగం వొచ్చేసిందమ్మా నాకు. దూది ఎట్టి సూసుకున్నాను. ఏటీ తెలవట్లేదు."

అమ్మ బుగ్గ మీది మచ్చ చూసింది. "ఎప్పుడు సూసుకున్నావు?"

"పొద్దున్నే. కుళాయి కాడ మొకం కడుక్కుని."

"మంచులోనా! ఓసి ఎర్రి గుంటా, ఆ సలికి, ఆ నీళ్లకి మొకం మొద్దుబారిపోద్ది. బొద్దింక పాకినా తెల్దు. కూకో ఇలాగ."

ఎండలో పీట వేసి కూర్చోబెట్టింది. సంచిలోంచి దూది తీసింది. "కళ్లు మూసుకో. తగిలినకాడ ఏలెట్టు."

చీమ పాకినట్టు బుగ్గ మీద తగిలింది. వేలు పెట్టాను. మళ్లీ తగిలింది, మళ్లీ పెట్టాను. "సూసావా? ఇది రోగం కాదు, ఆ మాయదారి సీసా సేసిన పని" అంది అమ్మ. పోయిన ప్రాణం లేచొచ్చింది నాకు. ఏడుస్తూనే నవ్వుతూ లేవబోయాను. అమ్మ భుజం పట్టి నొక్కింది.

"కళ్లు తెరవకు. ఎలాగూ కూకున్నావు, ఒళ్లంతా సూసేత్తాను."

అమ్మకు ఏ పనీ సగంలో వదిలే అలవాటు లేదు. నుదురు తాకింది, చెవి తాకింది, మెడ తాకింది. నేను ఆటలాగా టకటకా వేలు పెడుతున్నాను. ముంజేయి అయింది. జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ తగల్లేదు.

"సూపించవేటే?" అంది అమ్మ.

"ఏటి సూపించాల? నువ్వింకా ముట్టుకోలేదు కదా!"

కళ్లు తెరిచి తల తిప్పి చూశాను. దూది నా మోచేతి వెనక ఆని ఉంది. అక్కడ చర్మం బెత్తెడు మేర పాలిపోయి ఉంది. ఇన్నాళ్లూ అద్దం ముందు నిలబడ్డాను గానీ, మోచేతి వెనక ఏముందో ఒక్కనాడూ చూసుకోలేదు.

అమ్మ దూదిని మళ్లీ ఆనించింది. "ఇప్పుడో?"

"తెలిసింది" అని సరిగ్గా అక్కడే వేలు పెట్టాను.

"కళ్లు మూసుకుని ఎట్టు తల్లీ" అంది అమ్మ.

కళ్లు మూసుకోవడానికి నాకు ధైర్యం చాలలేదు.