గడ్డ లేని ఊరు

సాలెకొట్టాల వాళ్ళకు గొప్పలు చెప్పుకోవడానికి రెండే ఉన్నాయి. ఒకటి, తాము నేసిన చీర ఎన్ని ఉతుకులు ఉతికినా రంగు దిగదని. రెండోది, తమ ఊరి ఆడవాళ్ళకు రొమ్ములో గడ్డ రాదని. మొదటి గొప్ప సగమే నిజం. మిగతా సగం ప్రొద్దుటూరు అంగళ్ళలో ఆ చీరలు కొన్నవాళ్ళు చెబుతారు. రెండోదాన్ని మాత్రం ఎవరూ కాదనలేకపోయారు. ఫలానా ఆమె ఆ జబ్బుతో ఈ ఊర్లో పోయిందని ఒక్క పేరైనా చెప్పమంటే చెప్పే మనిషి లేడు.

అదే గుండ్లవాగు పేరెత్తితే చాలు, పెదవి విరిచేవాళ్ళు. గుండ్లవాగు కోయిలకుంట్ల వైపు పల్లె. "అది గడ్డల ఊరప్పా" అనేవాళ్ళు. అక్కడి నీళ్ళలో దోషముందని కొందరు, నల్లరేగడి వేడని ఇంకొందరు. చేనేత సంఘం అధ్యక్షుడు కాశన్న అయితే, తుమ్మలపల్లె గని గాలి కొడుతుందని తేల్చేశాడు. ఆ గని ఉన్నది మరో దిక్కున. అప్పటికి ఇంకా తవ్వకం మొదలుపెడుతున్నారు. అయినా కాశన్న ఒకసారి మాట అన్నాడంటే దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయన ఇంటావంటా లేదు.

తరాలుగా ఈ రెండూళ్ళ సాలెవాళ్ళు పిల్లను ఇచ్చి పుచ్చుకున్నవాళ్ళే. మగ్గాల వీధిలో సగం ఇళ్ళకు కోడళ్ళు గుండ్లవాగు నుంచి వచ్చినవాళ్ళే. ఈమధ్య పెద్దలు కూర్చుని ఇకమీదట అక్కడి పిల్లను చేసుకోవద్దన్నారు. నేతగాడు కంబన్న పెండ్లాం శివలీలదీ గుండ్లవాగే. అక్కడున్న ఆమె అన్న గిడ్డయ్య కూతురికి ఈ ఊళ్ళో ఖాయమైన సంబంధం ఆ మాటతోనే తప్పిపోయింది. పిల్లకు వంక పెట్టలేదు, ఊరికి పెట్టారు. శివలీల కంబన్నను చేసుకుని ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్ళు దాటింది కాబట్టి ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. అత్త అంజనమ్మ మాత్రం అప్పుడప్పుడూ ఎత్తిపొడిచేది. "మా నీళ్ళు తాగి బాగుపడినావు మే" అనేది. శివలీల కూడా దాన్ని నిజమనే నమ్మింది.

ఆ నమ్మకం వల్లే ఎండాకాలంలో ఎడమ రొమ్ములో చింతగింజంత గట్టిగా చేతికి తగిలినప్పుడు ఆమె పట్టించుకోలేదు. కంబన్న సంఘం పనిమీద పోయినప్పుడల్లా తనే మగ్గం గుంతలో దిగి నేస్తుంది. నేసిన బట్ట చుట్టుకునే దోనె మీదికి వంగి వంగి అదిమినట్టయి గట్టిపడి ఉంటుందనుకుంది. ఆ వీధిలో ఆడవాళ్ళు ఒంట్లో ఏ నొప్పి వచ్చినా మగ్గం మీదికే తోస్తారు. పసుపు అరగదీసి పట్టించింది. వానలు మొదలయ్యేసరికి అది రేగుపండంత అయింది. అప్పుడు కూడా, గుండ్లవాగులో ఉంటే భయపడాల్సిందే గానీ ఈ ఊళ్ళో భయమెందుకని సర్దిచెప్పుకుంది.

ఆరోగ్యశ్రీ వచ్చిన కొత్త అది. కడప నుంచి ఒక డాక్టరమ్మ, ఇద్దరు నర్సులు జీపులో వచ్చి సంఘం ఇంట్లో శిబిరం పెట్టారు. డాక్టరమ్మ పేరు శ్రీవిద్య, కడపలో కోమట్ల అమ్మాయి. ఊరూరా తిరిగి రొమ్ము గడ్డలు ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ, ఎందుకు అని చూడటం ఆమె పని. అంతకు ముందు వారమే గుండ్లవాగు పోయి వచ్చింది.

"మా ఊర్లో ఆ రోగం లేదు మేడమ్" అన్నాడు కాశన్న, కుర్చీ వేసుకుని ఆమె పక్కనే కూర్చుని. "కావాలంటే మా నీళ్ళు సీసాలో పట్టుకొని పోండి. మందు కంటే బాగా పనిచేస్తాయి."

డాక్టరమ్మ నిజంగానే సీసాలో నీళ్ళు పట్టించుకుంది. గుండ్లవాగు నీళ్ళ సీసా అంతకుముందే జీపులో ఉంది. రెండిటికీ తేడా ఏముంటుందోనని ఆమెకు ఆత్రంగానే ఉంది.

వరుసలో శివలీల వంతు వచ్చింది. తెర వెనక డాక్టరమ్మ చెయ్యి ఒకచోట ఆగింది. మళ్ళీ తడిమింది. చంక కిందా తడిమింది.

"ఎన్నాళ్ళయింది?"

"దోనె తగిలి గట్టిపడినాది మేడమ్."

"దోనె కాదమ్మా. సూది పరీక్ష చెయ్యాలి. వచ్చే గురువారం మళ్ళీ వస్తాం. ఇంట్లో చెప్పి ఆయన్ను తోడు తీసుకొని రా. ఆసుపత్రికి రాసిస్తాను. ఆలస్యం చెయ్యొద్దు, ఇప్పుడైతే నయమవుతుంది."

తెర సన్నపాటి గుడ్డ. వరుసలో తర్వాతి మనిషి అంజనమ్మే.

మగ్గమున్న ఇంట్లో మంచం పట్టిన మనిషి ఉండకూడదని సాలెకొట్టాల కట్టుబాటు. మగ్గం గుంతలో అమ్మవారుంటుందని, రోగి మూలుగు ఆమెకు గిట్టదని పెద్దవాళ్ళు చెబుతారు. అసలు సంగతి వేరు. ఇంట్లో సగం మగ్గానికి, మిగతా సగం మనుషులకు. మంచం వేయడానికి చోటెక్కడ? అందుకే కోడలికి పెద్ద జబ్బని తేలితే మొగుడు ఒక పసుపు చీర నేసి, అది కట్టించి, పుట్టింటికి పంపుతాడు. పుట్టింటి చీర అంటారు దాన్ని. బాగుపడి రమ్మనే పంపుతారు, ఎవరి మనసులోనూ పాపం ఉండదు. ఆ చీర కట్టుకుని పోయి తిరిగొచ్చిన మనిషిని మాత్రం ఎవరూ చూడలేదు.

ఇంటికొచ్చాక అంజనమ్మ అరవలేదు, ఏడవలేదు. కొడుకును పిలిచి, మగ్గం మీద ఇంకొక చీరకు సరిపడా పడుగు మిగిలుందా అని అడిగింది. ఉందన్నాడు కంబన్న.

"అయితే పసుపు నూలు పెట్టు. వారంలోపల దించాల."

కంబన్న నోట్లో నాలుక లేని మనిషి. తల్లి చెబితే ఊ, పెండ్లాం చెబితే ఊ. ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చెరొకటి చెప్పే రోజు అప్పటిదాకా రాలేదు కాబట్టి ఆయన సంసారం సాఫీగానే నడిచింది. పెండ్లాం ముఖం చూడకుండా గుంతలో దిగి కూర్చున్నాడు.

మగవాడు నేస్తే ఆడది కండెలు చుట్టాలి. రాట్నం తిప్పి నూలును చిన్న కండెల మీదికి ఎక్కించి అందిస్తుంటే, అవి నాడెలో పెట్టుకుని ఆయన నేస్తాడు. తనను సాగనంపే చీరకు శివలీలే కండెలు చుట్టింది. మొదటి రోజు చుట్టింది, రెండో రోజూ చుట్టింది. ఇరవై ఏళ్ళ అలవాటు, చేతులు వాటంతటవే తిరిగాయి. గుంతలోంచి కంబన్న చెయ్యి చాపితే కండె పెట్టింది.

మూడో రోజు పొద్దున, పసుపు నూలు వేళ్ళ మధ్య జారుతుంటే ఎదురింటి వెంకటలక్ష్మమ్మ గుర్తొచ్చింది. అచ్చం ఇదే రంగు చీర కట్టుకుని ఆటో ఎక్కి, పది రోజుల్లో వస్తానని చెప్పి పోయింది. ఆమె పుట్టిల్లు గుండ్లవాగు. ఆరు నెలలకు అక్కడే పోయింది. ఆ వెనకే కాశన్న తమ్ముడి పెండ్లాం గుర్తొచ్చింది. ఆమెదీ గుండ్లవాగే. ఆ తర్వాత సందు చివర ఇంటి కోడలు. గుండ్లవాగులో గడ్డతో పోయారని లోకమంతా చెప్పుకునేవాళ్ళలో గుండ్లవాగులో కాపురమున్నది ఎవరని శివలీల ఆలోచించింది. తన పినతల్లి ఒక్కతే తేలింది. మిగిలినవాళ్ళంతా ఇక్కడ కండెలు చుట్టినవాళ్ళు, ఈ ఊరి నీళ్ళు తాగినవాళ్ళు, పసుపు చీరలో పోయినవాళ్ళు.

శివలీలకు కోపం వచ్చింది. చచ్చిపోతానేమోనన్న భయం మూడు రోజులుగా ఉన్నదే. కోపం మాత్రం అప్పుడే వచ్చింది, ఒళ్ళంతా మండినట్టు వచ్చింది. రాట్నం ఆపేసింది.

కంబన్న చెయ్యి చాపాడు. చేతిలో ఏమీ పడలేదు.

"కండె యాడ?"

"లేదు."

"చుట్టలేదా?"

"చుట్టను. ఈ చీరకు నేను కండె చుట్టను. నువ్వే చుట్టుకో, నువ్వే నేసుకో."

మగ్గం ఆగింది. ఆ వీధిలో మగ్గం మోగితే ఎవరికీ వినబడదు, ఆగితే అందరికీ వినబడుతుంది. అరుగు మీద పొరుగామెతో మాట్లాడుతున్న అంజనమ్మ లోపలికి వచ్చింది.

"ఏం మే, మగ్గం నిలబెట్టినారు?"

"అత్తా, నేను పోను."

"పోకుండా యాడుంటావు? మీ యన్న సూసుకుంటాడు. నువ్వీడ మంచమెక్కితే ఈ మగ్గమాడతాదా?"

"మా యన్నకు ఉండేది ఒక్క గది. నీకు తెల్దా? వెంకటలక్ష్మమ్మక్క ఆడికే పోయ. కాశన్న మామ తమ్ముని పెండ్లామూ ఆడికే పోయ. రోగం ఈడ వచ్చినాది, సావు ఆడ వచ్చినాది. పేరు మీ ఊరికి, తిట్లు మా ఊరికి. మా యన్న కూతురు చేసిన తప్పేంది?" రాట్నం పక్కకు తోసి లేచింది. "నాకు బతకాలనుండాది అత్తా. నా కొడుకులిద్దరూ ఈడుండారు. డాక్టరమ్మ నయమైతాదని చెప్పినాది. నన్ను పంపియ్యొద్దు."

"నోరు శానా పెరిగినాది నీకు" అని అంజనమ్మ విసురుగా బయటికి పోయింది. కంబన్న గుంతలో కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని, సగం నేసిన పసుపు బట్టను చూస్తూ ఉండిపోయాడు. గురువారం దాకా ఆ ఇంట్లో మగ్గం మోగలేదు.

గురువారం శివలీల ఒక్కతే సంఘం ఇంటికి పోయింది. డాక్టరమ్మ ఆమెను గుర్తుపట్టి, ఆసుపత్రికి చీటీ రాస్తూ, "ఏ ఊరని రాయమంటావమ్మా?" అని అడిగింది.

శివలీల నోరు తెరిచేలోపే కాశన్న అందుకున్నాడు. "ఆ యమ్మది గుండ్లవాగు మేడమ్. అట్లనే రాయండి. మా ఊరని రాస్తే బాగుండదు."

డాక్టరమ్మ కలం ఆపింది. "గుండ్లవాగులో ముసలివాళ్ళు ఒక మాట చెప్పారు. తమ ఊర్లో పోయినవాళ్ళంతా ఎక్కడెక్కడి నుంచో జబ్బుతో తిరిగొచ్చిన ఆడపడుచులేనని. ఊరిని వెనకేసుకొస్తున్నారనుకున్నాను" అంది. కాశన్న పైకండువా సర్దుకున్నాడు. ఆమె ఆయన్ను వదిలేసి శివలీల వైపు తిరిగింది. "ఊరి పేరు కోసం కాదమ్మా అడుగుతున్నది. ఆపరేషన్ చెయ్యాల్సి రావచ్చు. ఆ తర్వాత నెలల తరబడి ఆసుపత్రికి తిరగాలి. పక్కన ఇంటి మనిషి ఉండాలి. ఎక్కడ ఉండి తిరుగుతావు?"

ఈ ఊరే అని శివలీల ఎంత గట్టిగా అనుకున్నా, తలుపు తెరవాల్సింది వేరేవాళ్ళు.

గడప దగ్గర ఎవరో దగ్గారు. కంబన్న. ఎప్పుడు వచ్చాడో తెలియదు, జుట్టు నిండా నూలు పీచు అట్లాగే ఉంది.

"రా అప్పా, నువ్వే చెప్పు" అన్నాడు కాశన్న ధైర్యంగా. ఆ మనిషి ఊ అనడం తప్ప ఇంకొకటి అనడని ఆయనకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. "మీ యామెను ఆడికి పంపిస్తాండావు కదా?"

కంబన్న కాశన్నను చూశాడు, డాక్టరమ్మను చూశాడు. పెండ్లాం వైపు చూసి అక్కడే ఆగిపోయాడు.

"లేదు చిన్నాయనా" అన్నాడు. "మా యింట్లోనే ఉంటాది మేడమ్. సాలెకొట్టాల అని రాయండి. నేనే తోడొస్తా."

"మీ యమ్మ ఒప్పుకుంటాదా?"

"మా యమ్మతో నేను మాట్లాడతాలే."

ఆ సాయంత్రం ఆ మాటలు మూడు వీధులకు వినబడ్డాయి. వినబడిందంతా అంజనమ్మ గొంతే. కంబన్న ఏమన్నాడో ఎవరికీ తెలియదు గానీ, మరునాడు కడప బస్సు ఎక్కింది మొగుడూ పెండ్లాలిద్దరూ.

ఎడమ రొమ్ము తీసేశారు. ఆ తర్వాత సెలైన్లో మందు ఎక్కించుకోవడానికి, గడ్డ మళ్ళీ రాకుండా కరెంటు పెట్టించుకోవడానికి కర్నూలు తిరిగారు. శివలీల జుట్టు ఊడింది, మనిషి సగమైంది. ఆపరేషన్ అయి మొదటిసారి ఇంటికి వచ్చిన రోజు, లోపల తన కోసం మంచం వేసి ఉండటం చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. మగ్గానికీ గోడకూ మధ్య ఆ మంచం ఎట్లా పట్టించారో అర్థం కాలేదు. అంజనమ్మ తన చాప చుట్టి అరుగు మీద వేసుకుంది. "నాకు లోపల ఉక్కపోస్తాది" అంది, ఎవరూ అడక్కముందే. అది మార్గశిర మాసం.

ఆ తర్వాత శిబిరానికి వీధిలో ఇంకొక ఇద్దరు కోడళ్ళు తమంతట తామే తెర వెనక్కి వచ్చి గడ్డ చూపించారు. ఒకామె పుట్టిల్లు గుండ్లవాగు, ఇంకొకామెది ఎమ్మిగనూరు. వాళ్ళ మొగుళ్ళు తల గోక్కున్నారు గానీ, పసుపు చీర సంగతి ఎత్తలేదు. కంబన్నే ఎత్తనప్పుడు తామెట్లా ఎత్తుతారు?

మరుసటేడు డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. కాశన్న ముఖం మాడ్చుకుని ఎదురొచ్చాడు.

"సూడండి మేడమ్. ఈ యేడు మా ఊరికి ముగ్గురు తేలినారు. గుండ్లవాగులో ఒక్కరూ లేరంట. మా నీళ్ళు చెడిపోయినాయో ఏమో, ఇంకొకసారి పరీక్ష చేయించండి. ఊరి పేరు పాడైపోతాంది."

"ఆ ముగ్గురూ ఎట్లా ఉన్నారు? ఎక్కడున్నారు?" అని అడిగింది డాక్టరమ్మ.

ఇంత చదువుకున్న మనిషి ఇట్లాంటి ప్రశ్న అడుగుతుందేమిటని కాశన్నకు చిరాకేసింది.

"యాడికి పోతారు మేడమ్? ఈడనే ఉండారు."